మూడవ మూర్తి: శ్యామశాస్త్రి

సంగీతమునందు అభిరుచి గలవారు నలుగురు ఒకచోట కూడినప్పుడు, త్రిమూర్తులలో మీకెవరు ప్రియులను ప్రశ్న రాక మానదు. తెలుగుదేశమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకనక్కరలేదు. త్యాగరాజస్వామివారని వెంటనే చెప్పుదురు. అది న్యాయమే. ఆయన భాష మన భాష. ఆయన కొలిచిన రాముడు ఊరూర మందిరము గల రాముడు. ఆయన కీర్తన లేని భజనగోష్ఠి లేదు. కొంత శాస్త్రజ్ఞానము గలవారు, వీణావాద్యము వినుటకు అలవాటుపడినవారు, ముత్తుస్వామి దీక్షితులవారిని పేర్కొందురు. శ్యామశాస్త్రిగారి పేరు మాత్రము మూడవదిగా, లెక్క నిండుటకు చెప్పినట్లు చెప్పబడును. మన కవిత్రయములో ఎఱ్ఱాప్రెగ్గడకు పట్టిన గతియే యిది. నన్నయ ఆదికవియని, తిక్కన కవిబ్రహ్మయని అందరును పొగడుదురు. ఎఱ్ఱన మిగిలిన భాగము పూరించినవాడని చెప్పి ఊరకుందురు. అరణ్యపర్వశేషము విప్పి చదివినవారికి గాని ఆ మాటలోని యన్యాయము తెలియదు.

పేరు వరుసలో కడపటివారైనను వయస్సుచేత శ్యామశాస్త్రిగారే మొదటివారు. మువ్వురును జన్మించినది చోళదేశమందలి తిరువారూరు నందే. శాస్త్రిగారు 1762వ సంవత్సరము, చిత్రభాను చైత్రమాసమున, కృత్తికా నక్షత్రమునందు జన్మించిరి. త్యాగరాజస్వామి 1767లో, దీక్షితులవారు మన్మథ సంవత్సరమున, అనగా 1775-76లో జన్మించిరి. పదునైదేండ్ల లోపున ఒక్క దేవాలయపు నీడలో మువ్వురు మహానుభావులు పుట్టుట లోకములో ఎంత అరుదో చెప్పనక్కరలేదు.

తండ్రి విశ్వనాథయ్య, తల్లి వెంగలక్ష్మి. పెట్టిన పేరు వేంకటసుబ్రహ్మణ్యము. ముద్దుపేరు శ్యామకృష్ణుడు. ఆ ముద్దుపేరే తరువాత పాటలలో ముద్ర యయ్యెను. లోకము దానినే పట్టుకొని శ్యామశాస్త్రి యనెను. అసలు పేరు ఈనాడు పుస్తకములలో తప్ప ఎవరి నోటను లేదు.

వారి యింటి వృత్తి బంగారు కామాక్షి యర్చన. ఈ అమ్మవారి కథ తెలియనిదే శాస్త్రిగారి కథ తెలియదు. పూర్వము ఈ స్వర్ణవిగ్రహము కాంచీపురమున నుండెను. ఆ సీమలో దండయాత్రల భయము పుట్టినప్పుడు, అర్చకులు విగ్రహమును రహస్యముగా తరలించి, దక్షిణమునకు పయనమైరి. బంగారమని తెలియకుండుటకై విగ్రహమునకు నల్లని లేపనము పూసి తెచ్చిరని వాడుక. ఉడయారుపాళయము మొదలైన తావులలో ఆశ్రయము పొందుచు, తరతరములుగా తిరిగి తిరిగి, తుదకు తిరువారూరు చేరిరి. అమ్మవారితో పాటు అర్చకుల కుటుంబమును ఊరూర తిరిగెను. సొంత ఊరు, సొంత గుడి లేని దేవతను భుజమున మోసికొని తిరిగిన వంశమున పుట్టిన బిడ్డకు ఆ తల్లిపై ఎట్టి మమకార ముండునో ఊహింపవచ్చును. శాస్త్రిగారి పాటలు వినునప్పుడు అవి స్తోత్రములుగా తోచవు. ఇంటిలోని పెద్దదిక్కును పట్టుకొని బిడ్డ చెప్పుకొనెడి మొరగా తోచును.

శాస్త్రిగారికి యౌవనము వచ్చుచున్న దినములలో కుటుంబము తంజావూరునకు మారెను. అప్పుడు మహారాష్ట్రప్రభువైన తుళజాజీ పాలించుచుండెను. ఆ రాజు అమ్మవారికి పడమటి రాజవీథిలో ఆలయము కట్టించి, అర్చకులకు ఈనాము భూములిచ్చెను. ఆ గుడి నేటికిని అచ్చటనే యున్నది. విగ్రహమునకు పునుగు పూయుచుండుటచే బంగారము నల్లగా కనుపించును.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో జీవించిరి. దీక్షితులవారు క్షేత్రములు తిరుగుచు గడపిరి. శ్యామశాస్త్రిగారికి తిండికి గుడ్డకు లోటులేదు. చెవులకు బంగారు కుండలములు, మెడలో రుద్రాక్షలు, జరీ యుత్తరీయము, నోట తాంబూలము, ఇట్లు వారి రూపమును పరంపర వర్ణించుచున్నది. ఈనాము గలవాని యింట భక్తి పుట్టదని కొందరి యపోహ. దారిద్ర్యము భక్తికి సాక్ష్యముగా కావలెనన్నచో శాస్త్రిగారి యొద్ద ఆ సాక్ష్యము దొరకదు. ఆయన కీర్తి కొంత తగ్గుటకు ఇదియు నొక కారణమేమో. జనులకు బాధపడిన భక్తుని కథ రుచించినట్లు, కడుపునిండిన భక్తుని కథ రుచింపదు.

సంగీతవిద్య ఆయనకు వంశమున వచ్చినది కాదు. తండ్రి యొద్ద సంస్కృతము, తెలుగు నేర్చిరి. తంజావూరు చేరిన పిమ్మట ఒక వర్షాకాలమున కాశినుండి ఒక సన్న్యాసి వచ్చి, చాతుర్మాస్యమునకు ఆ యూర నిలిచెను. ఆయన ఆంధ్రుడు. సంగీతస్వామి యని ప్రసిద్ధుడు. విశ్వనాథయ్యగారి యింట భిక్షకు వచ్చి, బాలుని తెలివి చూచి, దగ్గర నుంచుకొని మూడేండ్లు శాస్త్రము నేర్పెను. రాగముల మర్మములు, తాళముల ప్రస్తారములు బోధించి, తన యొద్దనున్న గ్రంథములను కూడ నిచ్చెనందురు. వెడలిపోవునప్పుడు ఆ సన్న్యాసి ఒక విచిత్రమైన సలహా నిచ్చెను. ఆస్థానవిద్వాంసుడైన పచ్చిమిరియము ఆదియప్పయ్యగారి గానమును వీలైనంత వినుమని, ఆయన యొద్ద పాఠము మాత్రము చెప్పించుకొనవలదని. చెప్పవలసిన శాస్త్రమంతయు చెప్పి, ఇక చెవికి పని పెట్టుమనుట దాని భావమై యుండును. భైరవిరాగ వర్ణముచే చిరకీర్తి నొందిన ఆదియప్పయ్యగారు ఈ చిన్నవాని నెంతయో ఆదరించి, కామాక్షీ యని పిలుచుచుండెడివారట. గురువు కాకయే గురుతుల్యుడైన ఆ పెద్దమనిషి యొద్ద శాస్త్రిగారు విని నేర్చినది తక్కువ కాదు. భైరవిలో ఆయన తరువాత రచించిన స్వరజతి వినిన వారికి ఈ సంగతి తెలియును.

శాస్త్రిగారి యింటిభాష తమిళము. కాని వారి రచనలలో అధికభాగము తెలుగు. తమిళమునందును సంస్కృతమునందును కొన్ని గలవు. ఇది నేటి మనకు వింతగా తోచవచ్చును. ఆనాటి తంజావూరున వింత కాదు. నాయకరాజులు 1673 వరకు అచ్చట తెలుగును రాజసభలో కూర్చుండబెట్టిరి. పిమ్మట వచ్చిన మహారాష్ట్రులు తమ భాష వేరైనను ఆ పీఠమును కదల్పలేదు. శాహజీ మహారాజు తానే తెలుగున యక్షగానములు రచించెను. మేలట్టూరున భాగవతులు తెలుగు నాటకములాడుచుండిరి. కావేరీతీరమున పాట యనగా తెలుగు పాటయే. ఇంట నొక భాష మాటలాడి, అమ్మవారి యెదుట వేరొక భాష నెన్నుకొన్నవాని తెలుగులో సమాసముల యాడంబరము ఉండదు. మాటలు చిన్నవి. ఒక్కొక్కచోట అడిగినదే మరల అడుగుటయు గలదు. పండితులు దీనిని లోపమనవచ్చును. మ్రొక్కుకొనువాడు నిఘంటువు దగ్గర పెట్టుకొని మ్రొక్కుకొనడు గదా!

వారి జీవితమున లోకమెల్ల చెప్పుకొను ఘట్టము బొబ్బిలి కేశవయ్యతో జరిగిన వాదము. కేశవయ్య మన తెలుగుసీమ విద్వాంసుడు. దేశదేశములు తిరిగి, సభలలో విద్వాంసులను జయించి, భూలోకమును చాపవలె చుట్టినవాడను బిరుదు వహించెను. ఆయన తంజావూరు వచ్చి, శరభోజి మహారాజు సభలో వాదమునకు పిలిచెను. ఆస్థానమునందలి విద్వాంసులకు దిగులు పుట్టెను. ఓడినచో పరువు మాత్రమే పోదు. ఆనాటి పందెములలో బిరుదులు, తంబుర, శిష్యులు అన్నియు పోవును. అందరును కలిసి శ్యామశాస్త్రిగారి యింటికి పోయి, సంస్థానపు మానము కాపాడుమని వేడుకొనిరి. శాస్త్రిగారు ఆస్థానపు జీతగాడు కాదు. రాజును పొగడుచు ఒక్క పాట కూడ కట్టినవాడు కాదు. పోకుండుటకు ఆయనకు హక్కు కలదు. అయినను ఒప్పుకొనెను.

ఒప్పుకొనిన పిమ్మట గుడికి పోయి, చింతామణి యను రాగమున ఒక కృతి రచించి, అమ్మవారి యెదుట పాడిరని సంప్రదాయము. కాపాడుటకు ఇదియే తగిన సమయమని దాని భావము. ఆ రాగమునకు అంతకుముందు అంత ప్రసిద్ధి లేదు. మరునాడు సభలో కేశవయ్య రాగములు, తానములు పాడి, తుదకు సింహనందన తాళమున పల్లవి యెత్తుకొనెను. నూటయెనిమిది తాళములలో ఇదియే అన్నిటికంటె పెద్దది. ఒక్క ఆవర్తమునకు 128 అక్షరములు. మన భజనలలో ఆదితాళము ఆవర్తమునకు 8 అక్షరములని తలచుకొనిన, ఎంత దూరము పోయి తిరిగి రావలెనో తెలియును. శాస్త్రిగారు ఆ పల్లవిని తడబాటు లేక తిరిగి పాడి చూపి, తాము శరభనందన మను తాళమున వేరొక పల్లవి యెత్తుకొనిరి. సింహమును శరభము జయించునని పురాణప్రసిద్ధి. పేరులోనే చమత్కార మున్నది. కేశవయ్యకు దాని జాడ దొరకలేదు. ఓటమి నొప్పుకొనెను.

ఈ కథలో కేశవయ్యను గర్విష్ఠిగా చిత్రించుట ఆనవాయితీ. కాని మనకందిన కథ గెలిచినవారి యూర పుట్టినది. ఓడినవాని పక్షమున చెప్పినవారు లేరు. బొబ్బిలినుండి తంజావూరు వరకు కాలినడకను, బండ్ల మీదను పోయి, పరాయి రాజు సభలో నూటయిరువదియెనిమిది అక్షరముల తాళమును చేత పట్టినవాడు సామాన్యుడు కాడు. తెలుగువాడు ఓడెనే యని చింతించువారు, గెలిచినవాడు సభకు వచ్చుటకు ముందు అమ్మవారిని వేడుకొనినది తెలుగుననే యని జ్ఞాపకముంచుకొనవలెను. శాస్త్రిగారికి తాళవిద్య నేర్పినదియు ఒక ఆంధ్ర సన్న్యాసియే. నాగపట్టణమున అప్పుకుట్టి నట్టువనారుతో జరిగిన మరియొక వాదమును కూడ చెప్పుదురు. అందును శాస్త్రిగారిదే పైచేయి. ఈ జయముల వలన ఆయన బిరుదులు ధరించినట్లు గాని, కొలువు సంపాదించినట్లు గాని ఎవరును చెప్పరు. తిరిగి గుడికే పోయెను.

ఇక రచనల లెక్క. త్యాగరాజస్వామివి సుమారు ఏడువందలు నిలిచియున్నవి. దీక్షితులవారివి నాలుగువందలకు పైబడి గలవు. శాస్త్రిగారు మూడువందలు రచించిరని చెప్పుదురు గాని, పాడుకలో నున్నవి డెబ్బది యెనుబది మించవు. చిట్టా ప్రకారము పంచిపెట్టుదుమన్న ఆయన వాటా చాల చిన్నది. అయితే భూమిని ఎకరముల లెక్కను మాత్రమే ఎవరును కొనరు. నీరు చూతురు, మన్ను చూతురు.

ఆయన మాగాణి ఎటువంటిదో రెండు మూడు సంగతులు చెప్పిన చాలును. స్వరజతి యనునది అంతకుముందు నాట్యమునకు సంబంధించిన రచన. ఆయన అందలి జతులను విడిచి, అభినయము నొల్లక, దానిని కూర్చుండి పాడుకొనెడి గంభీరగానముగా మార్చిరి. తోడి, భైరవి, యదుకులకాంభోజి రాగములలో మూడు స్వరజతులు ప్రసిద్ధములు. భైరవి స్వరజతిలో ఎనిమిది చరణములు గలవు. మొదటి చరణము షడ్జమున మొదలగును, రెండవది రిషభమున, మూడవది గాంధారమున, ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కుచు ఎనిమిదవది పైస్థాయి షడ్జమున మొదలగును. వినువానికి ఈ యేర్పాటు తెలియదు. అర్చకుడు గోపురద్వారమునుండి గర్భగృహమువరకు ఒక్కొక్క గడప దాటించి తీసికొనిపోయినట్లుండును. తెలిసినపిమ్మట మరల వినిన, ఇంత లెక్క ఇంత మెత్తగా ఎట్లు దాగెనా యని ఆశ్చర్యము కలుగును.

తాళమునందు ఆయనకు చాపు మీద మక్కువ. తకిట తకధిమి యని ఏడక్షరముల నడక మన పల్లెపాటలలోను వినబడును. దానినే త్రిప్పి తకధిమి తకిట యని ముందు నాలుగు, పిదప మూడు వచ్చునట్లు పూర్వికల్యాణిలో ఒక కృతి రచించిరి. చేయి ఒక దారిని అలవాటుపడిన వారికి ఇది కాలు తొట్రుపడు బాట. అయినను పాటలో తొట్రుపాటు లేదు, శోకమే యున్నది. రాగములలో ఆనందభైరవి ఆయన సొత్తువంటిది. కూచిపూడి భాగవతులకును, స్త్రీలపాటలకును చిరపరిచితమైన ఈ రాగమును తీసికొని, దానిలో ఇంతటి దైన్యము పలికించినవారు మరియొకరు లేరు. మధుర మీనాక్షీదేవిపై ఆయన నవరత్నమాలికయని తొమ్మిది కృతులు రచించిరి; అందులో కొన్ని నేడు దొరకవు. దొరకినవానిలో ఆహిరిరాగ కృతి యొకటి. ప్రొద్దుటిపూట ఆహిరి పాడిన ఆనాటికి అన్నము దొరకదని గాయకులలో ఒక భయము. ఆ భయముతోనే చాలమంది ఆ కృతిని తప్పించుకొందురు. పాడినవారు పస్తుండిరో లేదో గాని, విననివారు నష్టపోయిరి.

కావ్యములకు పాకములు చెప్పినట్లే, ఈ మువ్వురి గానమునకును పెద్దలు పాకములు చెప్పిరి. త్యాగరాజస్వామిది ద్రాక్షాపాకము, నోట నుంచుకొనగనే రసము. దీక్షితులవారిది నారికేళపాకము, పగులగొట్టిన గాని నీరు లేదు. శాస్త్రిగారిది కదళీపాకము, తొక్క యొలిచిన చాలును. ఈ పోలిక చెప్పినవారు అరటిపండును నడుమ నుంచిరి గాని, జనులు ఆ తొక్క యొలుచుటకు కూడ బద్ధకించి, ద్రాక్షతోనో కొబ్బరికాయతోనో తృప్తిపడుచున్నారు.

ఈ మువ్వురి నడుమ ఎవరు గొప్ప యను తగవు పుట్టించినది తరువాతివారే. వారిలో వారికి అది లేదు. దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులు రచించిన శ్రీరంజని వర్ణములో, ఒక స్వరమును శ్యామశాస్త్రిగారును, మరియొకదానిని ముత్తుస్వామి దీక్షితులవారును కూర్చిరి. ఒక్క రచనలో అందరి చేతులును కలిసినవి. తంజావూరునకు కొద్ది మైళ్ల దూరముననే తిరువయ్యారు. శాస్త్రిగారు అచ్చటికి పోయి త్యాగరాజస్వామితో ముచ్చటించెడివారు. అంతకంటె పెద్ద నిదర్శన మొకటి యున్నది. శాస్త్రిగారి రెండవ కుమారుడు సుబ్బరాయశాస్త్రి 1803లో జన్మించెను. ఇంటనే అంతటి గురువుండగా, శాస్త్రిగారు ఆ కుమారుని త్యాగరాజస్వామి యొద్దకు చదువునకు పంపిరి. దీక్షితులవారి యొద్దను అతడు నేర్చెను. మువ్వురి యొద్దను విద్య గడించిన భాగ్యము ఆయనకు దక్కెను. సుబ్బరాయశాస్త్రి రచనలు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే గాని, రీతిగౌళలోని కృతి యొక్కటి వినిన, ఆ మువ్వురి ఇండ్ల వెలుగు ఒక దీపమున కలిసినట్లు తోచును.

శాస్త్రిగారు జ్యోతిషము నెరిగినవారు. భార్య గతించిన దినమున, తాను కూడ కొలది దినములలోనే పోవుదునని ఇంటివారితో చెప్పిరట. ఆరు దినములు గడచినవి. వ్యయ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, అనగా 1827వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, కుమారుని ఒడిలో తలయుంచి, అమ్మవారిని ధ్యానించుచు దేహము విడిచిరని పరంపర. అప్పటికి వారి వయస్సు అరువదియైదేండ్లకు కొంచెము తక్కువ. దీక్షితులవారు 1835లోను, త్యాగరాజస్వామి 1847లోను కాలధర్మము నొందిరి.

త్యాగరాజస్వామికి శిష్యకోటి యుండెను. వాలాజపేట, ఉమయాల్పురము, తిల్లస్థానము శిష్యులు కీర్తనలు వ్రాసియుంచిరి. శాస్త్రిగారు గుంపుగా శిష్యులను చేర్చుకొన్నవారు కారు. అలసూరు కృష్ణయ్య మొదలైన కొలదిమంది మాత్రమే. కనుక పాటలు ఇంటివారి నోటనే ఎక్కువగా నిలిచినవి. పౌత్రుడు అణ్ణాస్వామిశాస్త్రి, తాత పోయిన యేడే పుట్టి 1900 వరకు జీవించి, ఆ నిధిని కాపాడెను. 1904లో సుబ్బరామ దీక్షితులుగారు ఎట్టయపురమున అచ్చొత్తించిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో కొన్ని కృతులు స్వరములతో ప్రకటింపబడినవి. తమిళదేశమున ముద్రింపబడిన ఆ మహాగ్రంథము తెలుగు గ్రంథము. గ్రంథాలయములలో అది యున్న అలమార విప్పువారు అరుదు.

మరియొక దారిని ఆ పాటలు స్త్రీల యొద్దకు చేరినవి. తంజావూరు కామాక్షియమ్మ సుబ్బరాయశాస్త్రిగారి యొద్ద నేర్చెను. ఆమె మనుమరాలు వీణ ధనమ్మాళ్ 1867లో జన్మించి 1938 వరకు జీవించెను. చెన్నపట్టణమున జార్జిటవునులో ఆమె యింట సాయంకాలము గోష్ఠి జరుగుచుండెను. వినవచ్చినవారు తలుపు దగ్గర దగ్గుటకు కూడ జంకెడివారు. శ్యామశాస్త్రిగారు తంజావూరు గుడిలో అమ్మవారి యెదుట తన్మయులై పాడుకొనునది శుక్రవారములందని వాడుక. ధనమ్మాళ్ వీణ మీటుచు ఆ పాటలు వినిపించినదియు శుక్రవారమే.